సైరన్ మోగితే వదిలేయగల పని

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో సంపాదన సరిపోవడం లేదని ఎవరైనా నోరు తెరిస్తే ఎదుటివాళ్లు వెంటనే అనే మాట, "పక్కన ఇంకేదన్న చూస్కోరాదే అన్నా" అని. మాటలో తప్పేమీ లేదు. ఆ ఊరు అలాగే బతికింది. పర్మినెంటు కార్మికుడికి పెద్దపల్లి వైపో మంథని వైపో ఎకరమో రెండెకరాలో పొలం ఉంటుంది. రిటైరైనవాడు ఇంటి ముందు గదిలో కిరాణం పెడతాడు. ఆఫీసులో గుమాస్తా సాయంత్రాలు ఎల్‌ఐసీ పాలసీలు కట్టిస్తాడు. అయితే ఈ సలహా ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లకే అందరికంటే తక్కువ పనికొస్తుంది. పిలిస్తే పోవాలి, పిలవకపోతే ఇంటికి రావాలి అన్న పద్ధతిలో బతికేవాళ్లు వాళ్లు. బొగ్గు బావుల్లో చాలాకాలంపాటు అలాంటివాడి పేరు బదిలీ వర్కర్. ఇవాళ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర స్పేర్ డ్రైవర్, ఎన్టీపీసీ యూనిట్ ఓవర్‌హాలింగ్‌కు ఆపినప్పుడు కబురందుకునే వెల్డర్, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో ఒకడు రాకపోతే అతని బదులు దిగే కూలి. వీళ్లకు ఖాళీ బోలెడుంటుంది, అది ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. పక్క పని దొరకకపోవడానికి చదువు, చొరవ, పెట్టుబడి తక్కువ కావడం కారణమని అందరూ అంటారు. నాకు మాత్రం అసలు కారణం ఈ తెలియకపోవడమే అనిపిస్తుంది.

బదిలీ పద్ధతి ఎలా నడిచేదో ఒకసారి చూస్తే ఇది తేటపడుతుంది. గనిలో ఒక షిఫ్టుకు ఇంతమంది కావాలని లెక్క ఉంటుంది. పర్మినెంటువాళ్లలో కొందరు నాగా పెడతారు. ఆ ఖాళీల్లోకి బదిలీవాళ్లను తీసుకుంటారు. అంటే బదిలీ వర్కర్ టిఫిన్ డబ్బా కట్టించుకుని, బూట్లు వేసుకుని, పూర్తిగా తయారై బావి దగ్గరికి పోవాలి. అక్కడ మస్టరు (హాజరు) పడితే దిగుతాడు, పడకపోతే డబ్బా అలాగే పట్టుకుని వెనక్కి వస్తాడు. ఇదంతా ఎందుకు ఓర్చుకునేవాళ్లంటే, ముందు పర్మినెంటు అనే ఆశ ఉండేది కాబట్టి. 1952 గనుల చట్టం లెక్కలో భూగర్భంలో పనిచేసేవాడికి ఏడాదికి 190 హాజరులు, ఉపరితలంలో 240 నిండితేనే ఏడాది సర్వీసు నిండినట్టయ్యేది. ఈ గనులు నడిపే సింగరేణి కంపెనీలో బదిలీ నుంచి జనరల్ మజ్దూర్ కావడానికి కూడా ఈ 190, 240లే కొలమానాలయ్యాయి. ఏడాదిలో ఆదివారాలు తీసేస్తే 313 రోజులు మిగులుతాయి. సరిగ్గా 190 మస్టర్లు పడ్డవాడికి 123 పనిదినాలు ఖాళీ. నాలుగు నెలల పైన! అన్ని రోజులు చేతిలో ఉన్నవాడు ఇంకో వృత్తే పెట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ 123 రోజులు ఏవన్నది ముందురోజు రాత్రికి కూడా తెలియదు. ఏ రోజు ఖాళీయో ఆ రోజు పొద్దున తయారై గని గేటు దగ్గర నిలబడ్డాకే తేలుతుంది.

తేలేసరికి రోజు సగం చెడిపోతుంది. తాపీపనికో, సెంట్రింగ్‌కో, మట్టిపనికో మనుషులను తీసుకెళ్లే అడ్డాలు పొద్దున్నే నిండి పొద్దున్నే ఖాళీ అవుతాయి. ఫస్టు షిఫ్టు మస్టరు పడలేదని తేలి, సైకిలు మీదో బండి మీదో వెనక్కి వచ్చేసరికి మేస్త్రీలు తమకు కావలసినవాళ్లను తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. పోనీ గనికి పోకుండా ముందే అడ్డాకు పోదామా? ఆ రోజే మస్టరు పడే రోజు కావచ్చు. ఒక మస్టరు పోతే ఒక రోజు కూలితో పోదు, 190లో ఒకటి తగ్గుతుంది. ఏడాది చివర 184 దగ్గర ఆగిపోయినవాడికి ఆ ఆరు రోజులు ఆరు రోజుల కూలికి సమానం కావు, అతనికి సంబంధించినంతవరకు ఒక ఏడాది వృథా అయినట్టే. ఇక చట్టం సంగతి చూడండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25-సి ప్రకారం, నిబంధనలకు లోబడి, లే ఆఫ్ చేసిన కార్మికుడికి ఆ రోజులకు సగం జీతం ఇవ్వాల్సి ఉండేది. అదే సెక్షన్ బదిలీ కార్మికుడికి ఇది వర్తించదని మొదట్లోనే చెప్పింది. ఏడాది నిరంతర సర్వీసు నిండితే అతను బదిలీ కాకుండా పోయేవాడు, అప్పుడు వర్తించేది. అప్పటిదాకా గని దగ్గరికి వచ్చి వెళ్లిన రోజుకు కూలి లేదు, పరిహారం లేదు. అతని ఎదురుచూపును యాజమాన్యం ఉచితంగా వాడుకుంది. ఇలా ఉచితంగా పోతున్న గంటలను అలాగే వదిలేసి, మిగిలిన గంటల్లో పక్క పని చేసుకోమనడం న్యాయంగా లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గనిలో నాగాలు ఎప్పుడు పెరుగుతాయి? దసరాకు, సంక్రాంతికి, పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజులకు, రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు. ఇక వానాకాలం కోతలకు, యాసంగి కోతలకు. హార్వెస్టర్లు వచ్చాక కోత ఒక పూటలో అయిపోతోంది నిజమే. కోసిన వడ్లు ఆరబోయాలి, వాన రాకుండా పట్టా కప్పాలి, ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యేదాకా కుప్ప దగ్గర మనిషి ఉండాలి. అందుకు పర్మినెంటు కార్మికుడు ఊరు పోతాడు. అతను పోవడం వల్లనే బదిలీవాడికి మస్టరు పడుతుంది. ఒకరి పక్క పని ఇంకొకరి అసలు పనిని పుట్టిస్తుందన్నమాట. ఇది చూడ్డానికి చక్కగా సరిపోయిన లెక్కలా ఉంటుంది. ఇప్పుడు బదిలీవాడి పక్క పని వైపు నుంచి చూడండి. క్యాటరింగ్‌లో వడ్డించే మనుషులు కావలసింది ఆ పెళ్లి ముహూర్తాలకే. ఆటోకు, యాక్టింగ్ డ్రైవర్‌కు (అడిగిన రోజు వేరేవాళ్ల బండి తోలేవాడికి) గిరాకీ వచ్చేది ఆ జాతరకే, ఆ దసరాకే. హమాలీలకు పని దొరికేది ఆ కాంటాల రోజుల్లోనే. అంటే గని అతన్ని పిలిచే రోజులూ, ఊరు అతన్ని పిలిచే రోజులూ ఒకటే. గనిలో పని పలచగా ఉండే రోజుల్లో, అందరూ బుద్ధిగా డ్యూటీకి వచ్చే మామూలు వారాల్లో, ఊళ్లో కూడా పని పలచగానే ఉంటుంది. రెండు పడవల్లో కాలు పెట్టొద్దని పెద్దలు ఊరికే అనలేదు; ఇక్కడ రెండు పడవలూ ఒకే సుడిలో తిరుగుతాయి. పక్క పని అన్నది అసలు పని లేని రోజున ఆదుకోవాలి. పిలుపుమీద ఆధారపడ్డ రెండు పనులను జతచేస్తే అది జరగదు. ఉన్న రోజు రెండూ ఉంటాయి, లేని రోజు రెండూ ఉండవు.

అందుకే యాక్టింగ్ డ్రైవింగ్‌ను ఎంత మెచ్చుకున్నా నాకు అనుమానం పోదు. లైసెన్సు తప్ప పెట్టుబడి అక్కర్లేదు, ఇష్టమైన రోజే పోవచ్చు అంటారు. నిజానికి రెండుసార్లు పిలిస్తే రానివాణ్ని మూడోసారి ఎవరూ పిలవరు. హైదరాబాదు ఆసుపత్రికి తెల్లవారుజామున బయల్దేరాలనుకున్న ఇంటివాళ్లకు "మస్టరు పడితే రాను, పడకపోతే వస్తా" అని చెప్పగల డ్రైవరు ఎవరు? ఆటో కొనుక్కుంటే ఎవరి పిలుపుకూ కట్టుబడనక్కర్లేదు, అది ఒప్పుకోవలసిందే. కాని ఆటోకు నెలనెలా కిస్తీ ఉంటుంది. కిస్తీ తేదీ మారదు. ఫైనాన్సువాడికి గని మస్టర్లతో సంబంధం లేదు. నెలలో పది రోజులు ఆటో ఇంటి ముందు నిలబడితే కిస్తీకి గిరిగిరి వడ్డీకి తెస్తారు. అది రోజువారీ వసూలు. సాయంత్రమయ్యేసరికి పుస్తకం పట్టుకుని మనిషి ఇంటిముందుకు వస్తాడు. ఆదాయం అటూ ఇటూ ఊగేవాడు కదలని ఖర్చును నెత్తికెత్తుకోవడం ప్రమాదం. ఈ ఒక్క సూత్రం పాటిస్తే సగం పక్క పనులు జాబితాలోంచి వాటంతటవే పోతాయి. అద్దెకు తీసుకున్న షట్టరు, అప్పుమీద కొన్న జిరాక్స్ మిషను, మేత కొని మేపవలసిన బర్రెలు, ఇవన్నీ అందులోకే వస్తాయి. బర్రె విషయంలో ఇంకో మాట కూడా ఉంది. పొద్దున, సాయంత్రం పాలు పిండే వేళ అది మార్చుకోదు. సెకండ్ షిఫ్టుకు పోయినవాడి బర్రెను ఇంకెవరో పిండాలి.

ఈ కాలంలో దీనికి జవాబుగా ఫోన్‌ను చూపిస్తారు. యాప్ ఆన్ చేస్తే పని, ఆఫ్ చేస్తే ఇల్లు. నచ్చినప్పుడు చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి అంటారు. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ వర్కర్లను మొదటిసారి నిర్వచించింది కూడా. కానీ భోజనాలు ఇంటింటికి అందించే పనిలో ఆదాయం వచ్చే పూటలు రెండే: మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, రాత్రి ఏడు నుంచి పది. గని షిఫ్టులు ఆ గంటల మీదే పడతాయి. ఫస్టు షిఫ్టు వారం మధ్యాహ్నం గనిలోనే గడుస్తుంది, రాత్రి మాత్రం దొరుకుతుంది. సెకండ్ షిఫ్టు వారం రాత్రి పోతుంది, మధ్యాహ్నం కూడా సగమే. నైట్ షిఫ్టు వారం చెప్పడానికి రెండు పూటలూ ఖాళీయే, అయితే ఒక పూట నిద్ర, రెండో పూట ఎనిమిది గంటల కష్టానికి ముందు దొరికే కాస్త విశ్రాంతి. వారం వారం షిఫ్టు మారే ఊళ్లో నిలకడగా ఒక పూట చేస్తానని చెప్పగలిగేది ఎవరు? పైగా నడిచేది సొంత బండి, కాలేది సొంత పెట్రోలు. పెద్ద ఊరు కాదు కాబట్టి ఆర్డర్లు తక్కువ, దూరాలు ఎక్కువ. గోదావరిఖని నుంచి ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, అక్కణ్నుంచి సెంటినరీ కాలనీ, ఇటు ఎన్టీపీసీ జ్యోతినగర్, ఇవి పక్కపక్కన ఉన్న వాడలు కావు. యాప్ పనిని తీసిపారేయడం లేదు. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దని మాత్రమే అంటున్నాను.

మరి ఏ పని నిలుస్తుంది? మనిషి లేకపోయినా ఆగి ఉండగల పని. కుట్టు మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంటుంది. చేతులు బిగించారు, మెడ పట్టీ మిగిలింది. గనిలో మస్టరు పడితే దాన్ని మడిచి పక్కన పెడతారు, రేపు అక్కణ్నుంచే మొదలుపెడతారు. పెళ్లి ఎల్లుండి అయితే తప్ప ఆ జాకెట్టుకు తొందర లేదు. కాలిపోయిన ఫ్యాను మోటారు వైండింగ్ చేయడం, మిక్సీలు బాగుచేయడం, చెక్కపని, చాపలు, మంచాలు అల్లడం, వీటన్నిటిలోనూ ఈ గుణం ఉంది. పక్కనే ఉన్న రామగుండం ఎండల సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు, వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి నమోదైన ఊళ్ల జాబితాలో ఆ పేరు తరచూ ఉంటుంది. కూలర్లు అమ్ముడుపోయేది మార్చి నుంచి జూన్ దాకా. కాని రేకులు కత్తిరించి బాడీలు బిగించే పని చలికాలంలో, దొరికిన గంటల్లో, ఎవరి పిలుపూ లేకుండా చేసి పెట్టుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా దొరికే సమయాన్ని వస్తువులోకి చేర్చి దాచుకునే పనులు ఇవి. ఇక్కడ కూడా మినహాయింపులున్నాయి. రైతు మోటారు కాలిపోతే, పొలం ఎండుతుంటే, అతను రేపటిదాకా ఆగడు. అలాంటి గిరాకీని ముందే వద్దనుకోవాలి. దానివల్ల ఆదాయం తగ్గుతుంది, నిజమే. తొందర పని ఎప్పుడూ ఎక్కువ కూలి తెస్తుంది, ఆగగల పని తక్కువే తెస్తుంది. వదిలేయగల స్వేచ్ఛకు కట్టే ధర అది.

ఈ పనుల్లో చాలావాటిని నిజంగా చేస్తున్నది ఎవరన్నది కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. సింగరేణి సేవా సమితి ఏళ్లుగా కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు కుట్టుపని లాంటి వాటిలో శిక్షణ ఇస్తోంది. చాలా ఇళ్లలో పక్క పని అంటే ఆ కుట్టు మిషనే. మొగవాడు గనికి పోతే ఆగిపోకుండా బర్రెను పిండేది, కిరాణంలో కూర్చునేది, చిట్టీ లెక్క రాసేది ఇల్లాలే. ఫస్టు షిఫ్టుకు తెల్లవారకముందే డబ్బా కట్టి, సెకండ్ షిఫ్టు దిగి వచ్చేవాడికి అర్ధరాత్రి అన్నం పెట్టే మనిషి ఆమె. ఇంటాయన షిఫ్టులు మారితే ఆమె నిద్ర వేళలూ మారతాయి. కాబట్టి మొగవాడి వేళల అనిశ్చితిని ఆడమనిషి తన గంటలతో పూడ్చడాన్ని మనం పక్క పని దొరకడం అని పిలుచుకుంటున్నాం. ఇప్పుడు కారుణ్య నియామకాల్లో ఆడపిల్లలు కూడా గనుల్లో చేరుతున్నారు. వాళ్ల ఇళ్లలో ఆ గంటలు ఎవరివి?

దీనంతటికీ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. గని పని అలసిపోయిన మనిషి చేయాల్సిన పని కాదు. పగలంతా ఆటో తోలినవాడు రాత్రి గని పైకప్పు కింద నిలబడితే ప్రమాదం అతనొక్కడికే కాదు, పక్కవాడికి కూడా. 2003 జూన్‌లో జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయిన ఊరు ఇది. ఆ ప్రమాదానికీ అలసటకూ సంబంధం లేదు. కానీ గనిలో ఒక్క నిమిషం ఏమరుపాటు ఎంత ఖరీదైందో ఈ ఊరికి వేరే చెప్పాల్సిన పని లేదు. చట్టమూ ఇది తెలిసే రాసుకుంది. ఒక గనిలో పనిచేసినవాణ్ని పన్నెండు గంటలలోపు ఇంకో గనిలోకి దింపకూడదని 1952 చట్టం 34వ సెక్షన్ అన్నది. ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పనిచేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ అన్నది. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటూనే ఒక మాట అడగాలి. రెండో గని, రెండో ఫ్యాక్టరీ సంగతి చూసిన ఈ సెక్షన్లు ఆటో, అడ్డా, హమాలీ పనుల జోలికి పోలేదు. మొదటి పనిలో కడుపు నిండనివాడు వాటికే పోతాడు. విశ్రాంతి తీసుకొమ్మని చెప్పే హక్కు, విశ్రాంతి రోజుకు కూడా కొంత చెల్లించేవాడికి ఉంటుంది. పని లేని రోజున ఏమీ ఇవ్వకుండా, పని ఉన్న రోజున పూర్తిగా తాజాగా రమ్మనడం భద్రతా సూత్రం అనిపించుకోదు. భద్రతను నిజంగా కోరుకునేవాళ్లే అందరికంటే ముందు అతనికి షిఫ్టు ముందుగా చెప్పాలి. రేపు రాత్రి డ్యూటీ ఉందని తెలిసినవాడు ఈ సాయంత్రం ఆటో తీయకుండా ఉండగలడు. తెలియనివాడు రెండూ చేస్తాడు.

ఇప్పుడు బదిలీలు ఎక్కడున్నారు, ఆ కాలం పోయింది కదా అన్నది రెండో అభ్యంతరం. సగం నిజం. తొంభైల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. 2018 నుంచి కారుణ్య నియామకాల్లో చేరిన వారసులు బదిలీ వర్కర్లుగానే మొదలైనా, మస్టర్లు నిండాక జనరల్ మజ్దూర్లయ్యారు. కాని తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే పని తగ్గి ఓపెన్‌కాస్ట్ పెరిగేకొద్దీ మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది, దానితోపాటే పిలిస్తే రావలసిన బతుకు కూడా వాళ్ల దగ్గరికే చేరింది. అక్కడ 190 నిండితే పర్మినెంటు అనే ఆశ కూడా లేదు. తేడా ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 2023-24 లాభాల్లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలినదాన్లోంచి 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. ఒక్కొక్కరికి సగటున లక్షా 90 వేలు. అదే ఏడాది మొదటిసారిగా పాతిక వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా వాటా ఇచ్చారు, తలా 5 వేలు. ఇవ్వడమే గొప్ప అన్నవాళ్లున్నారు. మొదటిసారి ఇచ్చారు కాబట్టి ఆ మాటా కొంత నిజమే. కానీ దసరా ముందు ఒకే వీధిలో లక్షా 90 వేల ఇల్లు, 5 వేల ఇల్లు పక్కపక్కన ఉన్నప్పుడు, పక్క పని చూసుకోమనే సలహా మొదటి ఇంటివాడు రెండో ఇంటివాడికి ఇస్తుంటాడు.

పిలుపు పనిని ప్రపంచం ఎలా సర్దుకుందో చూస్తే మనకు దారి మన దగ్గరే కనిపిస్తుంది. 1935లో బొంబాయి బట్టల మిల్లులు బదిలీలకు కార్డులు ఇచ్చి, ఖాళీలను వాళ్లతోనే నింపాలని నియమం పెట్టుకున్నాయి. మనుషులను పనిలోకి తీసుకునే జాబర్ల లంచాలు కొంత తగ్గాయి. కాని కార్డు ఉన్నవాడు రోజూ పొద్దున మిల్లు దగ్గర హాజరు కావాల్సిందే, పని ఉన్నా లేకపోయినా. అంటే కార్డు పని హామీ ఇవ్వకుండానే మనిషిని కట్టేసింది. దీనికి భిన్నంగా నడిచింది ఓడరేవుల్లో. ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, గనిలో నాగాలకంటే అది ఇంకా అనిశ్చితం. అయినా 1948 డాక్ వర్కర్ల చట్టం కింద కూలీలను ఒక ఉమ్మడి రిజర్వులో నమోదు చేసి, వంతు ప్రకారం పంపి, వచ్చి పని దొరకని రోజుకు హాజరు భత్యం ఇచ్చే పద్ధతి తెచ్చారు. విశాఖపట్నంలో డాక్ లేబర్ బోర్డు 1959లో ఏర్పడింది. బోర్డు వచ్చినంతమాత్రాన ఓడలు వేళకు రాలేదు. ఎదురుచూపు ఖర్చు మాత్రం కూలి ఒక్కడి నెత్తినే పడలేదు. బ్రిటన్‌లో గంటల హామీ లేని ఒప్పందాల మీద పెద్ద గొడవ జరిగాక, అలాంటి ఒప్పందాల్లో ఇంకెక్కడా పనిచేయకూడదని రాసుకునే షరతు 2015 నుంచి చెల్లకుండా చేశారు. గంటలు ఇవ్వనివాడికి గంటలు కట్టేసే హక్కు లేదన్నది అందులోని న్యాయం. మంచిదే, కాని అది సగం మందే. ఇంకోచోట పనిచేయడానికి అనుమతి ఉన్నా, ఎప్పుడు పిలుస్తారో తెలియనివాడికి ఆ అనుమతి కాగితం మీదే ఉండిపోతుంది.

నాగాలు ముందే తెలియవు కదా, ముందురోజే ఎలా చెప్తామని గని అధికారులో కాంట్రాక్టర్లో అడగొచ్చు. ఎవరు నాగా పెడతారో తెలియదు, ఎంతమంది పెడతారో తెలుస్తుంది. రేపు ఈ షిఫ్టుకు ఫలానావాడు రాడని చెప్పలేకపోయినా, పెళ్లి ముహూర్తం రోజు మామూలుకంటే ఎంతమంది తక్కువ వస్తారో పదేళ్ల మస్టరు రిజిస్టర్లు చూసిన గుమాస్తా చెప్పగలడు. మేడారం తేదీలు నెలల ముందే ప్రకటిస్తారు. ఎన్టీపీసీ ఏ యూనిట్‌ను ఎప్పుడు ఓవర్‌హాలింగ్‌కు ఆపుతుందో ముందే ప్రణాళిక ఉంటుంది. కాబట్టి పదిమందిని పిలవాల్సిన చోట ఏడుగురికి ముందు సాయంత్రమే వంతు ప్రకారం ఖాయం చేసి, మిగిలిన ముగ్గురి సంగతి పొద్దున చూసుకోవచ్చు. ఆ ముగ్గురూ వచ్చి పని లేక తిరిగిపోతే సగం కూలి ఇవ్వాలి. పర్మినెంటువాడికి లే ఆఫ్‌లో చట్టం ఇచ్చిందీ సగమే. దీనివల్ల ఖర్చు కొంత పెరుగుతుంది, కాదనను. కానీ ఇప్పుడు ఆ ఖర్చు లేకపోవడం కాదు, కూలివాడు కడుతున్నాడు. పైగా ఉచితంగా దొరికేదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. ఎదురుచూపుకు ధర పెట్టిన రోజు అనవసరంగా పిలవడం దానంతటదే తగ్గుతుంది. ఇందుకు పెద్ద యంత్రాంగం కూడా అక్కర్లేదు. వంతుల జాబితా గేటు దగ్గర గోడకు అంటించి, అదే జాబితా ఫోన్లకు పంపితే చాలు. మేస్త్రీ దయాదాక్షిణ్యాల మీద, మందు పార్టీల మీద నడిచే పిలుపుకు కూడా దానితో కొంత కళ్లెం పడుతుంది.

అంతవరకు పక్క పని వెతుక్కునేవాడు ఏం చేయాలి? ఆ సలహా నేనూ ఇవ్వాల్సిందే కాబట్టి ఇస్తాను. నెల రోజులపాటు పని దొరికిన రోజులూ దొరకని రోజులూ క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకుని, ఖాళీలు ఏ రోజుల్లో పడుతున్నాయో చూసుకోవాలి. అదే రోజుల్లో గిరాకీ ఉండే పనిని వెతకాలి, గని రద్దీతోపాటే రద్దీ పెరిగే పనిని వదిలేయాలి. నెలసరి కిస్తీ అడిగే దేనినీ ఇంటికి తేకూడదు. ఇంటావిడ గంటలను ఖాళీ గంటలుగా లెక్క వేయకూడదు. నైట్ షిఫ్టు ముందు పూట ఎంత వచ్చినా వద్దనాలి. ఇవన్నీ పాటించినా వచ్చేది చిన్న మొత్తమే.

పెద్ద మొత్తం వచ్చే దారి ఒప్పందాల్లో ఉంది. 2023 డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి, దాదాపు నలభై వేల మంది పర్మినెంటు కార్మికులు ఓటర్లు. పిలుపుమీద బతికే కాంట్రాక్టు కార్మికుడికి అందులో ఓటు లేదు. కాబట్టి అతని తరఫున అడగాల్సింది ఓటు ఉన్నవాళ్లే. కంపెనీ మట్టి తీసే పనికి తర్వాత పిలిచే ప్రతి టెండరులో రెండు వాక్యాలు రాయించండి: షిఫ్టు ముందు సాయంత్రమే చెప్పాలి, పిలిపించి పని ఇవ్వకపోతే సగం కూలి ఇవ్వాలి.